ఆరోగ్యం ఇచ్చిన బంతి

ఆ చలికాలమంతా శౌరికి కోపంతోనే తెల్లారింది, కోపంతోనే పొద్దుగూకింది.

కోపం ఒక్కరి మీద కాదు, ఊరి మీద. టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని తీర్పులు చెప్పే ప్రతి నోటి మీదా. ఆ నోళ్ళన్నిటిలో నానుతున్న పేరు ఒకటే. ఆరోగ్యం.

ఆరోగ్యం మనిషి పేరు. ఆరోగ్యమాత పండగ రోజున పుట్టాడని తల్లి ముచ్చటపడి పెట్టుకున్న పేరు. ఊరి బాస్కెట్‌బాల్ జట్టుకి అతను పాయింట్ గార్డ్. అంటే బంతిని వెనకనుంచి నడిపించుకొచ్చి, ఎవరికి ఎప్పుడు ఎక్కడ అందించాలో చూసుకునేవాడు. బాస్కెట్ వేసినవాడికి చప్పట్లు పడతాయి. అందించినవాడి వంక ఎవరూ చూడరు. విందులో వంటవాణ్ణి మెచ్చుకుంటారు గానీ, విస్తళ్ళ ముందు నడుం వంచి వడ్డించినవాడి మొహం ఎవడికి గుర్తుంటుంది?

పల్నాడులో నాపరాళ్ళ గనులకీ మిరప కల్లాలకీ నడుమ ఉంటుంది ఆ ఊరు. ఎప్పుడో దొర ఫాదర్లు బడి ఆవరణలో రెండు ఇనప స్తంభాలు పాతి, వాటికి రింగులు బిగించి వెళ్ళారు. అక్కడికి క్రికెట్ కన్నా బాస్కెట్‌బాలే ముందొచ్చింది. జట్టు గెలిస్తే పండగ, ఓడితే చావిల్లు.

ఆ ఏడు జట్టుకి దిష్టి తగిలిందన్నారు. ముందు జోజి మోకాలు పోయింది. జోజి అంటే ఆరడుగుల మీద ఇంకో జానెడు మనిషి, జట్టు కెప్టెన్, ఊరికి ముద్దుబిడ్డ. అతను గాల్లోకి లేచాడంటే బంతి రింగులో పడ్డట్టే. ఆ తర్వాత విక్టర్ భుజం జారింది. ఒకడి చీలమండ, ఒకడి వేలు. పెద్దాటగాళ్ళంతా కట్లు కట్టుకుని కుర్చీల్లో కూర్చున్నారు. మిగిలింది నిన్నమొన్నటిదాకా బడి జట్టులో ఆడుకున్న కుర్రాళ్ళు. వాళ్ళ నడుమ ఆరోగ్యం.

ఓడిపోయారు. మళ్ళీ ఓడిపోయారు. ఊరికి ఎవడో ఒకడు దొరకాలి గదా.

"జట్టంతా దెబ్బలు తిని మూలుగుతుంటే ఆరోగ్యానికి మాత్రం ఆరోగ్యమే!" అన్నాడొకడు. బల్ల మీదున్నవాళ్ళంతా నవ్వారు.

"ఒళ్ళు దాచుకుని ఆడేవాడికి దెబ్బెట్టా తగులుద్దిలే" అన్నాడు ఇంకొకడు.

ఆ మాట శౌరి చెవిన పడింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడుకి కొట్టువాడు ఉలిక్కిపడ్డాడు.

శౌరి ఆ బళ్ళోనే డ్రిల్లు మాస్టారు. చిన్నప్పుడు హాస్టల్లో ఉండి, జట్టు కోచ్ బ్రదర్ ఇన్నయ్య చేతి కింద ఆట నేర్చుకున్నాడు. కొన్నేళ్ళు ఆడాడు. పొట్ట వచ్చాక ఆట మానేసి బ్రదర్‌కి కుడిభుజంగా ఉంటున్నాడు. ప్రతి మ్యాచ్‌కీ బెంచీ మీద కూర్చునేవాడు కాబట్టి ఊరికి కనపడనిది అతనికి కనపడేది.

జోజి ఉన్నప్పుడు బంతిని పైకి విసిరితే చాలు, ఎక్కడున్నా అందుకునేవాడు. ఇప్పుడు అది కుదరదు. కుర్రాళ్ళలో చిన్నప్పది ఎడమచేతి వాటం, కుడివైపు ఇస్తే తడబడతాడు. డేవిడ్ బంతి వేగంగా వస్తే కళ్ళు మూసుకుంటాడు. ఆరోగ్యం ఒక్కొక్కడికీ తన చేతిని మార్చుకున్నాడు. ఒకడికి నేలకి తట్టి, ఒకడికి గుండెల మీదకి మెత్తగా, తల్లి ముద్ద పెట్టినట్టు పెడుతున్నాడు. అప్పటికీ ఆ పిల్లలు వదిలేస్తారు. వదిలేసిన బంతి గీత దాటుతుంది. ఊరు మాత్రం ఆరోగ్యాన్ని తిడుతుంది.

"ఏమయా, ఒళ్ళు దాచుకునేది వాడా?" శౌరి బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. "విజిల్ పడిన దగ్గర్నుంచి ఆఖరి దాకా ఒక్క నిమిషం కూర్చోకుండా ఆడేది వాడొక్కడే! బంతి పట్టుకోవటం కూడా చేతకాని చంటిపిల్లల్ని ఇచ్చి గెలవమంటే వాడేం చేస్తాడు? మీ జోజి ఇంత మొనగాడయింది ఎవడి చేతి బంతితో? కళ్ళున్నాయా మీకు?"

"నీకెందుకయా అంత పౌరుషం? చుట్టమా?"

"చుట్టమైతేనే న్యాయం మాట్లాడాలా?"

ఆ రోజు గొడవ చొక్కాలు పట్టుకునేదాకా పోయింది. మర్నాడు చిన్నప్ప ప్రాక్టీసుకి రాలేదు. శౌరి మాస్టారే తమని చంటిపిల్లలన్నాడని వాడికి తెలిసింది. ఆరోగ్యం వాళ్ళింటికి వెళ్ళి, గడప మీద కూర్చుని, ఏం చెప్పాడో ఏమో, సాయంత్రానికి వాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

తర్వాత శౌరి దగ్గరకొచ్చి నిలబడ్డాడు. పొట్టి మనిషి, చిన్న గొంతు.

"శౌరన్నా, నా కోసం ఎవరితో పోట్లాడమాకన్నా."

"నేను నోరు మూసుకుంటే నిన్ను నమిలి మింగేస్తార్రా వాళ్ళు!"

"మింగనీలే అన్నా" అని, బంతి తట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

శౌరికి ఇంకా మండింది. తిట్టేవాళ్ళ మీదా మండింది, తిట్టించుకునేవాడి మీదా మండింది.

ఆఖరి మ్యాచ్‌కి ముందు క్లబ్బు మీటింగు పెట్టారు. ప్రెసిడెంట్ మర్రెడ్డి గారు గనుల ఆసామి. జట్టుకి బూట్లు, చొక్కాలు, బస్సు అన్నీ ఆయన చలవే. నిదానంగా మాట్లాడతాడు. ఆయన నిదానం చూస్తేనే శౌరికి భయం.

"ఈ ఆదివారం మాచర్లతో ఆట అయిపోతే సీజన్ అయిపోద్ది. వచ్చే ఏటికి బెజవాడ నుంచి మంచి పాయింట్ గార్డ్‌ని తెస్తాను. ఆరోగ్యాన్ని గౌరవంగా పక్కన పెడదాం."

"గౌరవంగానా?" శౌరి లేచాడు. "ఎనిమిదేళ్ళు జట్టుని మోసినవాణ్ణి గెంటేస్తూ గౌరవమంటారేందండీ?"

"కూర్చో శౌరీ. జోజీ, కెప్టెన్‌వి నువ్వు. నువ్వు చెప్పు."

అందరూ జోజి వంక చూశారు. అతను కట్టు కట్టిన కాలు చాపుకుని, చంకకర్రలు గోడకి ఆనించి కూర్చున్నాడు. అతని ఒక్క మాట ఆ ఊళ్ళో వేదవాక్కు. జోజి మెడ గోక్కున్నాడు.

"పెద్దోళ్ళు మీరు. మీరెట్టా అంటే అట్టా."

శౌరి నమ్మలేకపోయాడు. ఇన్నేళ్ళు ఆరోగ్యం చేతి బంతి తిని బలిసిన మనిషి! బ్రదర్ ఇన్నయ్య వైపు చూశాడు, ఆయనైనా నోరు విప్పుతాడని. బ్రదర్ కిటికీలోంచి కోర్టు వైపు చూస్తూ కూర్చున్నాడు. మీటింగు అయిపోయింది.

మర్నాడు పొద్దున శౌరి బ్రదర్లు ఉండే మఠం పెరట్లోకి వెళ్ళాడు. బ్రదర్ తెల్ల అంగీ మోకాళ్ళ పైకి ఎగదోపి, బావి చప్టా దగ్గర జట్టు జెర్సీలు ఉతుకుతున్నాడు. డెబ్బై దాటినా ఆ పని ఎవరికీ ఇవ్వడు.

"బ్రదర్, మీరొక్క మాటంటే ఈ ఊరు నోరు మూసుకుంటుంది. ఎందుకనరు?"

బ్రదర్ ఒక జెర్సీని బండ మీద పరిచి సబ్బు రుద్దుతున్నాడు. "ఏమనాలి?"

"తప్పు ఆరోగ్యానిది కాదని!"

"మరెవరిది?"

ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు శౌరి అందుకున్నాడు. బంతి పట్టలేని కుర్రాళ్ళది. కళ్ళుండీ చూడలేని ఊరిది. డబ్బుందని తీర్పులిచ్చే మర్రెడ్డిది. నోరుండీ మాట్లాడని జోజిది.  కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆఖరికి, "తప్పుగా అనుకోవద్దు బ్రదర్, మీది కూడా" అన్నాడు.

బ్రదర్ అంతా విన్నాడు. సబ్బు పక్కన పెట్టాడు.

"ఇంకెవరన్నా మిగిలారా?"

శౌరి ఆలోచించాడు. "లేరు."

బ్రదర్ జెర్సీని నీళ్ళలో జాడించి, గట్టిగా పిండి, అతని చేతికిచ్చాడు.

"డేవిడ్ మడమ వాచింది. ఆదివారం నువ్వు ఆడు."

"నేనా? ఆడి ఎన్నేళ్ళయింది బ్రదర్!"

"జట్టులోంచి నీ పేరు తీయలేదుగా."

"నేనడిగింది ఆరోగ్యం సంగతి."

"నేను చెప్పేదీ అదే. తీగ మీద వేసుకో. రేపటికి ఆరుద్ది."

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఊరంతా కోర్టు చుట్టూ చేరింది. బెంచీ మీద కూర్చుని ఇన్నాళ్ళూ ఆట తెలుసనుకున్న శౌరికి, గీత లోపలికి అడుగుపెట్టగానే అది వేరే లోకంలా కనిపించింది. రింగు ఎత్తు పెరిగినట్టుంది. మాచర్ల కుర్రాళ్ళు గోడల్లా ఉన్నారు. అన్నిటికీ మించి, బయటి మాటలు లోపలికి ఎంత దగ్గరగా వినపడతాయో అతనికి అప్పుడే తెలిసింది. చెవిలో నోరు పెట్టి అరిచినట్టే.

ఆట మొదలైన కాసేపటికి, తన ముందు ఎవరూ లేరని శౌరి గ్రహించేలోపే బంతి అతని అరచేతుల్లో ఉంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీలేదు. ఎగరాల్సిన పని కూడా లేదు, పొట్ట సంగతి తెలిసినట్టే వచ్చింది. చెయ్యెత్తి వదిలాడు. పడింది.

"శౌరన్నా! పాత చేవ పోలేదన్నా!" జనం ఈలలేశారు. ఆరోగ్యం పేరు ఒక్కరూ ఎత్తలేదు. అతను అప్పటికే వెనక్కి పరిగెత్తి, మాచర్లవాణ్ణి కాచుకుంటున్నాడు.

రెండోసారి బంతి వచ్చినప్పుడు శౌరి రొప్పుతున్నాడు. కళ్ళు బంతి మీదే ఉన్నాయి, చేతులు మాత్రం ఆలస్యంగా లేచాయి. వేళ్ళకి తగిలి బయటికి పోయింది.

"ఏందిరా ఆ పాసు!"

"ముసలోడికి అంత గట్టిగా ఇస్తారంట్రా! బుర్రుందా నీకు?"

ఆరోగ్యం చెయ్యి పైకెత్తాడు. గుండెల మీద తట్టుకున్నాడు. తప్పు నాదే అని.

శౌరి నోరు తెరిచాడు. ఆట ఆగలేదు. బంతి అవతలి గట్టుకి పోయింది, అతనూ దాని వెంట పరిగెత్తాలి.

ఇంకోసారి వదిలేశాడు. ఈసారి మెత్తగా, నేలకి తట్టి వచ్చిన బంతి. మళ్ళీ ఆరోగ్యం మీదే విరుచుకుపడ్డారు. అతను మళ్ళీ చెయ్యెత్తాడు. ఆ చెయ్యిని శౌరి ఏడాదంతా బెంచీ మీదనుంచి చూశాడు. చేతగాని అణకువ అనుకుని విసుక్కున్నాడు. ఇవాళ అది తన కోసం లేచింది. ఎవరో తన చెంప మీద కొట్టినట్టయింది.

సగం ఆట అయ్యాక విజిల్ పడింది. అందరూ బత్తాయి తొనలు చప్పరిస్తున్నారు. శౌరి ఆరోగ్యాన్ని పక్కకి లాక్కుపోయాడు.

"ఎందుకురా చెయ్యెత్తావు? అది నేను వదిలేసిన బంతి!"

"తెలుసన్నా."

"మరి?"

ఆరోగ్యం తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నేను ఎత్తకపోతే నువ్వు తల దించుకుంటావు. తల దించుకున్నోడికి బంతెట్టా ఇయ్యను?"

శౌరి కుర్రాళ్ళ వైపు చూశాడు. చిన్నప్ప తొన నములుతూ ఎవడితోనో నవ్వుతున్నాడు. ఆ పిల్లల్లో ఒక్కడూ తల దించుకుని లేడు. ఏడాదంతా ఓడిపోయిన జట్టది.

రెండో సగం హోరాహోరీగా సాగింది. మాచర్ల ముందుకి పోతే ఆరోగ్యం వెనక్కి లాక్కొచ్చాడు. చిన్నప్ప ఎడమ చేతికి ఒకటి, కొత్త కుర్రాడికి ఒకటి. వేసినవాళ్ళ పేర్లు గాల్లో మోగాయి. ఆఖరి క్షణాలకి మాచర్ల ఒకే ఒక్క పాయింటు పైన ఉంది. బంతి ఆరోగ్యం చేతిలో ఉంది.

అతను రింగు వైపు దూసుకుపోయాడు. మాచర్లవాళ్ళు ఇద్దరు అతని మీదకి దూకారు. ఆ దూకడంతో రింగు కింద శౌరి ఒక్కడే మిగిలాడు. ఆరోగ్యం అటు చూడను కూడా చూడలేదు. వాళ్ళ చంకల సందులోంచి బంతి వచ్చింది. అరిటాకులో అన్నం పెట్టినట్టు వచ్చింది. శౌరి చెయ్యవలసిందల్లా దాన్ని పైకి లేపడం.

జారిపోయింది.

చెమటకి కాదు. అతనికి తెలుసు. చుట్టూ ఉన్న ఆ నోళ్ళు గుర్తొచ్చి, ఒక్క లిప్త చెయ్యి బిగుసుకుంది. అంతే.

పొడుగు విజిల్ మోగింది. ఆ మోత ఆగకముందే ఆరోగ్యం చెయ్యి లేచి ఉంది.

ఊరు విరుచుకుపడింది. "ఆఖరి బంతి వాడే వేసుకోవచ్చుగా!" "పిరికిముండాకొడుకు! తనకెందుకని ముసలోడి నెత్తిన పడేశాడు!" ఎవడో నీళ్ళ పాకెట్ విసిరాడు. అది ఆరోగ్యం వీపు మీద పగిలింది. అతను తిరిగి చూడలేదు. కుర్రాళ్ళని కూడగట్టుకుని, మాచర్లవాళ్ళకి చేతులు కలపడానికి నడిపించుకుపోతున్నాడు.

వచ్చినవాడల్లా శౌరి భుజం తట్టాడు. "పాపం, ఈ వయసులో ఊరి కోసం దిగావు. నీదేం లేదన్నా."

శౌరి వాళ్ళని తోసుకుని బ్రదర్ దగ్గరకి పరిగెత్తాడు. ఊపిరి అందడం లేదు. "బ్రదర్, ఇప్పుడన్నా చెప్పండి! మీరు చూశారుగా! వాడి తప్పు ఇసుమంతైనా లేదు!"

"నువ్వు చెప్పు" అన్నాడు బ్రదర్.

గేటు దగ్గర మర్రెడ్డి గారి చుట్టూ జనం మూగి ఉన్నారు. "చూశారుగా, ఇంక ఎవరూ అడ్డు మాట్లాడొద్దు" అంటున్నాడాయన. శౌరి వాళ్ళ మధ్యకి చొరబడ్డాడు. ఏడాదంతా ఆ జనం మీద అరిచినవాడు, ఆ రోజు అరవకుండా చెప్పాడు.

"బంతి బాగానే వచ్చిందండీ. పట్టుకోలేకపోయింది నేను. మొదటి సగంలో పోయినవి కూడా నావే. ఆరోగ్యం తప్పు లేదు."

 మర్రెడ్డి గారు నవ్వాడు.

"ఊరుకో శౌరీ. వాణ్ణి వెనకేసుకురావటం నీకివాళ కొత్తా?"

అందరూ నవ్వారు. ప్రేమగానే నవ్వారు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"మా అమ్మ మీద ఒట్టు! నా చేతిలోంచే జారింది!"

"సరేలే సామీ, నీ మంచి మనసు ఎవరికి తెలీదు. పోయి కాస్త కాళ్ళకి కాపడం పెట్టించుకో."

 శౌరి అరుద్దామనుకున్నాడు. అరుపు రాలేదు. ఎన్ని అరుపులు అరిచాడు ఈ మనుషుల మీద, ఒక్కటీ నిజం కానిది లేదు. అన్నీ కలిసి ఈ ఒక్క మాటని అబద్ధం చేసేశాయి.

కాళ్ళీడ్చుకుంటూ బెంచీ దగ్గరకొచ్చాడు. జట్టంతా అక్కడే ఉంది. కుర్రాళ్ళు బూట్లు విప్పుకుంటున్నారు. దెబ్బలు తగిలినవాళ్ళు తమ కుర్చీల్లో ఉన్నారు. ఆరోగ్యం దూరంగా, కొళాయి కింద తలపెట్టి కడుక్కుంటున్నాడు. బ్రదర్ బంతుల్ని వలసంచిలో వేస్తున్నాడు.

"చెప్పావా?"

"చెప్పాను బ్రదర్. ఒక్కడూ నమ్మలేదు."

"ఏమని చెప్పావు?"

"బంతి బాగానే వచ్చింది, నేనే వదిలేశానని."

బ్రదర్ సంచి మూతి తాడు బిగించాడు. నడుం మీద చెయ్యేసుకుని లేచాడు. ఎవరి వంకా చూడలేదు.

"ఇన్నేళ్ళలో ఆ మాట అన్నవాడివి నువ్వొక్కడివే శౌరీ."

బూట్ల తాళ్ళు విప్పుతున్న చేతులు ఆగిపోయాయి.  చిన్నప్ప మొహం ఎర్రబడింది. విక్టర్ నేల చూపులు చూశాడు.

జోజి తన చాపిన కాలు వంక చూసుకున్నాడు. తర్వాత గోడకి ఆనించిన చంకకర్రలు అందుకున్నాడు. ఒకటి జారి కింద పడింది. వంగి తీసుకున్నాడు. లేచి, గేటు వైపు తిరిగాడు. అక్కడ మర్రెడ్డి గారు ఇంకా నవ్వుతూ జనంతో మాట్లాడుతున్నాడు. సిమెంటు కోర్టు మీద కర్రల మోత టకటకమని మొదలైంది. సగం దూరం పోయేసరికి జోజి ఒక పక్కకి ఒరిగి తూలాడు.

శౌరి పట్టుకుందామని ముందుకి ఉరికాడు. బ్రదర్ అతని మణికట్టు పట్టుకుని ఆపాడు.

"వాణ్ణి నడవనీ."